జెనీవాలో మేము, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉడుత

విజ్ఞానయాత్ర అంటే బస్సు మాట్లాడాలి, తల్లిదండ్రుల సంతకాలు సేకరించాలి, వాంతులయ్యే పిల్లలను కిటికీల పక్కన కూర్చోబెట్టాలి. తెరమీది యాత్రకు ఈ బాధలేవీ ఉండవన్న ధీమాతో, మా పదో తరగతి విద్యార్థులు 43 మందిని స్విట్జర్లాండ్‌లోని జెనీవా దగ్గర ఐరోపా దేశాలు నడిపే సెర్న్ అనే అణుకణాల పరిశోధన ప్రయోగశాలకు ఆన్‌లైన్‌లో తీసుకువెళ్తానని భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడినైన నేను స్టాఫ్ రూములో ప్రకటించాను. అక్కడివారు బడి పిల్లలకు వీడియోలో తమ యంత్రాలను చూపించి, ప్రశ్నలకు ఉచితంగా జవాబులు చెబుతారు. ఉచితమన్న మాట చెవిన పడగానే మా ప్రధానోపాధ్యాయులవారు మిగిలిన వివరాలు అడగకుండానే అనుమతి ఇచ్చారు.

అక్కడ ఉదయం పది గంటలంటే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర అని అక్టోబరు మొదట్లోనే లెక్క కట్టి బోర్డు మీద రాసిపెట్టాను. అక్టోబరు చివరి ఆదివారం ఐరోపాలో గడియారాలను గంట వెనక్కి తిప్పుతారని నాకు తెలియక కాదు, నవంబరులో జరిగే యాత్రకు ఆ సంగతి వర్తిస్తుందని తోచలేదు, అంతే. కాబట్టి ఆ రోజు ఒకటిన్నరకు తెర ముందు కూర్చున్న మాకు అవతల ఎవరూ కనిపించలేదు. పది నిమిషాల కోసం సిద్ధం చేసుకున్న స్వాగతోపన్యాసాన్ని ప్రధానోపాధ్యాయులవారు గంటసేపు లాగవలసి వచ్చింది. చివరి ఇరవై నిమిషాలు ఆయన తన బాల్యం గురించి చెప్పారు.

రెండున్నరకు ఒక యువ ఇంజినీరు ప్రత్యక్షమైంది. భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగంలో ప్రోటాన్లను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తామని ఆమె ఆంగ్లంలో చెబుతుంటే నేను తెలుగు చేస్తూ, మన ఊరి నుంచి మండల కేంద్రానికి వెళ్లి మళ్లీ తిరిగి వచ్చినంత దూరమని వివరించాను. 2004లో భారతదేశం బహూకరించిన నటరాజ విగ్రహం తెర మీదికి రాగానే ప్రధానోపాధ్యాయులవారు చెప్పులు విడిచారు. సొరంగంలో ప్రోటాన్ల దారిని వంచే అయస్కాంతాలను ద్రవ హీలియంతో మైనస్ 271.3 డిగ్రీలకు చల్లబరుస్తారని విన్న వెనుక బెంచీ కుర్రవాడు, ఫ్రిజ్ మెకానిక్ కొడుకు, లేచి నిలబడి "గ్యాస్ ఎవరు నింపుతారు సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు ఆమె ముఖం వెలిగిపోయింది. అక్కడి ఉద్యోగుల్లో భౌతికశాస్త్ర పరిశోధకుల కంటే ఇంజినీర్లు, టెక్నీషియన్లే ఎక్కువని, ఆ ప్రయోగశాలకు సొంత అగ్నిమాపక దళం కూడా ఉందని చెప్పుకొస్తూ, ప్రోటాన్లు ఢీకొనే ఘట్టాన్ని యానిమేషన్‌లో చూపించబోయింది.

సరిగ్గా అప్పుడే ఢామ్మని పెద్ద శబ్దం వచ్చి, తెర నల్లబడి, ఫ్యాన్లు ఆగిపోయాయి.

"ఢీకొట్టేశారు సార్!" అన్నాడు మొదటి బెంచీవాడు.

బయటికి చూస్తే బడి గోడ అవతలి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి సన్నగా పొగ వస్తోంది. నేను నా ఫోనులో మళ్లీ ఆ సమావేశంలో చేరి, దాన్ని టిఫిన్ క్యారియర్‌కు ఆనించి నిలబెట్టాను. నలభై మూడు తలలు అరచేతి వెడల్పు తెర మీదికి వంగాయి. తొందరలో వెనుక కెమెరా తెరుచుకోవడంతో, అవతలి ఇంజినీరుకు మా తలలకు బదులుగా కిటికీలోంచి లైన్‌మన్ కనిపించాడు. అతడు కొస కాలిన తోక పట్టుకుని ఒక ఉడుతను పైకెత్తి చూపిస్తున్నాడు. ఏమైందని ఆమె అడిగింది. ఈ దేశపు పరువు నా చేతిలో ఉన్నట్లు భావించి, ఇది చాలా అరుదుగా జరిగే సంఘటన అని చెప్పాను.

ఆమె పడిపడి నవ్వింది. 2016 ఏప్రిల్‌లో ముంగిసను పోలిన జంతువొకటి తమ 66 వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌లో దూరి, ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన ఆ యంత్రాన్నే ఆపేసిందని, అదే ఏడాది నవంబరులో మరొకటి అదే పని చేయబోయి చనిపోతే దాని కళేబరాన్ని రోటర్‌డ్యామ్‌లోని మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారని చెప్పింది. నేను తెలుగు చేసి చెప్పగానే లైన్‌మన్ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"వాళ్లకు కరెంటు రావడానికి ఎన్నాళ్లు పట్టిందంట సార్?"

ఏప్రిల్ సంఘటన తరువాత యంత్రం మళ్లీ నడవడానికి వారం రోజులు పట్టిందని ఆమె జవాబిచ్చింది.

"నేను ఇరవై నిమిషాల్లో ఇస్తానని చెప్పండి" అని అతడు వెనుదిరిగాడు. నేను చెప్పాను. అవతల చప్పట్లు వినిపించాయి. అతడు మాత్రం నలభై నిమిషాలు తీసుకున్నాడు, అప్పటికి యాత్ర ముగిసింది.

మరునాడు పిల్లలు రాసిన యాత్రానుభవాల్లో నటరాజుకు ఒక పేరా, సొరంగానికి రెండు వాక్యాలు, ఉడుతకు రెండు పేజీలు దక్కాయి. ప్రధానోపాధ్యాయులవారు మామూలు విహారయాత్రల నివేదిక పత్రాన్నే నా చేతికిచ్చి నింపమన్నారు. బస్సు నంబరు అన్న గడిలో అడ్డగీత గీశాను. ప్రయాణ దూరం అన్నచోట సున్నా వేశాను. 'యాత్రలో ప్రాణనష్టం ఏదైనా జరిగినచో వివరములు' అన్న గడి దగ్గర కాసేపు ఆలోచించి, నిజాయితీగా రాశాను: ఉడుత, 1.