సున్నం వారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సున్నం వారి దివ్యసముఖానికి,

తమరి ఆకలి ఎంతటిదో నాకు మొదట అమరావతిలో తెలిసింది. ఊరివాళ్లు దీపాలదిన్నె అని పిలుచుకున్న దిబ్బను 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన కొత్త పట్నం కోసం తవ్వించగా బయటపడిన స్తూపం పలకలు సున్నపురాయివి కావడమే వాటి పాపమైంది. బుద్ధుడి కథలు చెక్కి ఉన్నాయన్న మొహమాటం కూడా లేకుండా ఎన్నో పలకలు బట్టీలో కాలి తమరిలో ఐక్యమయ్యాయి. 1797లో ఆ దిబ్బను చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ, 1816లో తిరిగి వచ్చి గీయించిన బొమ్మలే ఇప్పుడు కొన్ని పలకలకు మిగిలిన ఆనవాలు.

మా ఊరి గుడిలో తమరు ఇంకాస్త మర్యాదస్తులు, కాల్చరు, కప్పుతారు. ఏటా తిరునాళ్ల ముందు పూసిన పూతలతో శాసనస్తంభం పెళ్లిపందిరి గుంజలా నున్నబడింది. మొన్న శాసనాలు చదివే మాస్టారు వస్తే అక్షరాలున్న వైపు చూపించింది పాలకవర్గం కాదు, చిన్నప్పుడు ఆ అక్షరాల గాట్లలో వేలు పెట్టి 'శ్రీ' దిద్దుకున్న ఒక ముసలమ్మ. పిల్లలు నీళ్లు చల్లి, వెదురు బద్దలతో రెండు రోజులు గీకితే తెలుపు, పసుపు, మళ్లీ తెలుపు, మధ్యలో ఎవరి హయాందో ఒక ఆకుపచ్చ, పొరలు పొరలుగా రాలాయి. తడి కాగితం అంటించి, కుంచెతో తట్టి, సిరా అద్దగానే నల్లటి కాగితం మీద అక్షరాలు తెల్లగా లేచాయి. అఖండదీపానికి గొర్రెలిచ్చిన దానశాసనమట. ఈ ధర్మాన్ని చెరిచినవాడు 60 వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని చివర శాపం. పూతలు వేయించినవారికి అది చదివే శ్రమ తమరే తప్పించారు.

ఇంత నిష్ఠూరమాడి కూడా తమరి కాళ్లే పట్టుకోవలసి వస్తోంది. కారుతున్న మండపానికి సిమెంటు వేద్దామని కొందరంటే, మా పెద్ద తాపీ మేస్త్రీ ఒప్పుకోలేదు. సిమెంటు రాతిలోని చెమ్మను లోపలే బిగించేస్తుందనీ, బెల్లం నీళ్లూ కరక్కాయా కలిపి గానుగలో నూరిన డంగు సున్నమైతే దాన్ని బయటికి పోనిస్తుందనీ ఆయన వాదన. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మీద పాత సిమెంటును ఒలిచి, 2013 నుంచి తమరినే మళ్లీ పిలిచారు కదా.

కాబట్టి రాళ్ల సందుల్లోకి దయచేయండి, అక్షరాల మీదికి మాత్రం వద్దు. ఈ ఏటి తిరునాళ్లకు రెండు బస్తాలు అప్పుడే దిగాయి. స్తంభం ముందు ముసలమ్మ పీట వేసుకుని కూర్చుంది. తమరు ముందు ఆవిడతో మాట్లాడుకోగలరు.

ఇట్లు,
గోళ్లలో ఇంకా తమరి పొడి మిగిలిన భక్తుడు