క్యూసెక్కులు కాదు, మా వీధికి ఎంత నీరో చెప్పండి

‘గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారు, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి.’ వంశధార నది మీది ఈ బ్యారేజీ గురించి ఏటా వానాకాలం శ్రీకాకుళం జిల్లా వినే మాటే ఇది. పక్కనే వేలల్లో క్యూసెక్కుల అంకె ఒకటి, అంటే సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతోందన్న లెక్క. ఆ అంకెతో నది ఒడ్డు రైతు ఏం చేసుకుంటాడు? నీరు తన వీధి దాకా వస్తుందా, వస్తే ఏ వేళకు, గొడ్లను ఎటు తోలాలి? అతనికి కావాల్సింది ఇదీ. ఇది చెప్పగల కంప్యూటర్ మోడళ్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. అమెరికా సైనిక ఇంజినీర్లు తయారు చేసిన హెక్-రాస్ అయితే ఉచితంగానే దొరుకుతుంది. జవాబు మాత్రం ఊరి దాకా రావడం లేదు.

వంశధార పొడవు సుమారు 254 కిలోమీటర్లే. పరీవాహక ప్రాంతంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒడిశాలో ఉంది. కొండల మీద కురిసిన వాన ఆగకుండా దిగిపోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది. గాలి తగ్గిందనుకుంటే, ఎగువన గజపతి జిల్లాలో కురిసిన వాన వంశధారలో వరదై దిగింది. కొండల మీద ఎంత కురిసింది, నేల ఎంత తడిసి ఉంది, వాలు ఎంత అన్నవి తీసుకుని గొట్టాకు ఎంత నీరు ఎప్పుడు చేరుతుందో ఒక మోడల్ లెక్క కడుతుంది. ఆ నీరు గట్టు దాటి ఎక్కడ ఎంత లోతున నిలుస్తుందో ఇంకో మోడల్ చెబుతుంది. గొట్టాకు ఎగువన కాశీనగర్‌లో కేంద్ర జలసంఘం కొలిచే నీటిమట్టంతో ఆ లెక్కను ఎప్పటికప్పుడు సరిదిద్దుకోవచ్చు.

అంచనా తప్పితే జనం మళ్లీ నమ్మరని, ఊరి పెద్దల అనుభవం చాలని అనేవాళ్లున్నారు. పెద్దలకు తమ రేవు తెలుసు, కాదనను. రాయగడ కొండల్లో నిన్న రాత్రి పడిన వాన వాళ్లకెలా తెలుస్తుంది?

మోడల్‌ను నిజంగా దారి తప్పించేది ఇసుక తవ్వకం. నది అడుగు ఎక్కడ ఎంత లోతుందో తెలియకపోతే ఎంత గొప్ప సాఫ్ట్‌వేరైనా గుడ్డిదే. ఉచితంగా దొరికే ఉపగ్రహ పటాల్లో ఎత్తుల లెక్క మీటర్లలో తేడా వస్తుంది, నీటి కింద ఏముందో అసలు కనబడదు. పడవ మీద వెళ్లి కొలవాల్సిందే. కొలిచినా వంశధార, నాగావళి అడుగులు అలాగే ఉండనిస్తున్నామా? పొక్లెయిన్లు దిగి ఒకచోట గొయ్యి చేస్తాయి, ప్రవాహం ఎదుటి గట్టును కోస్తుంది, పాత కొలతలు చెత్తబుట్ట పాలు. ఎంత లోతు తవ్వారో తవ్వినవాడికి తెలుసు, వరద లెక్క కట్టేవాడికి తెలియదు!

అందుకే ఇసుక రీచ్‌కు, అంటే నదిలో ఇసుక తవ్వే చోటుకు, అనుమతి ఇచ్చేటప్పుడే షరతు పెట్టాలి. తవ్వకానికి ముందొకసారి, తర్వాతొకసారి నది అడుగు కొలవాలి, ఖర్చు తవ్వేవాడిదే. ఆ కొలతలు, వాటితో గీసిన ముంపు పటం గ్రామ సచివాలయం గోడ మీద ఉండాలి. అప్పుడు వరద లెక్కతో పాటు ఇసుక లెక్కా బయటపడుతుంది. వద్దని అడ్డుపడేది ఎవరో కూడా జిల్లా చూస్తుంది.