మట్టి ట్రాక్ మనుషులకు ఒక్క పుస్తకమైనా రావద్దా

సూటిగా చెప్పేస్తాను. మోటోక్రాస్, అంటే మట్టి ట్రాక్ బైకు రేసులు ఆడే రైడర్ల జీవిత చరిత్రలు తెలుగులో రావాలి, ఆ పని మొదలుపెట్టడానికి బెంగళూరు తెలుగువాళ్లకున్నంత వీలు ఇంకెవరికీ లేదు. మట్టి ట్రాక్ మీద మొదలుపెట్టి, ఎడారుల మీదుగా రోజుల తరబడి సాగే డకార్ ర్యాలీ దాకా వెళ్లిన సి.ఎస్. సంతోష్ ఈ ఊరివాడు. బైకు ర్యాలీల్లో ప్రపంచ టైటిల్ గెలిచిన ఐశ్వర్య పిస్సే ఈ ఊరమ్మాయి. సంతోష్ పెట్టిన బిగ్‌రాక్ డర్ట్ పార్క్ మన పక్కనే కోలార్ జిల్లాలో ఉంది, అక్కడ చాలా ఊళ్లలో మనం తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. ఇంత దగ్గర పెట్టుకుని మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

మన తెలుగు సంఘం ఉగాది సంచికలో ఏమేం వేయాలని అందరం కూర్చున్నప్పుడు నేను ఈ మాట ఎత్తితే ఒక పెద్దాయన, "బండి రేసుల మీద పుస్తకాలేంటండీ, అసలే మన పిల్లలు రింగ్ రోడ్డు మీద ముందు చక్రం లేపుకుంటూ పోతున్నారు, మనం ఇంకా ఆజ్యం పోయాలా?" అన్నారు. ఆయన భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇద్దరు పిల్లల తండ్రిగా రాత్రి పదకొండు దాటాక బయట బండి చప్పుడు వినిపిస్తే నాకూ టెన్షనే. కానీ ఆయన అనుకుంటున్న ఆటా, నేను చెప్తున్న ఆటా వేరు. మోటోక్రాస్ జనం తిరిగే రోడ్డు మీద ఆడరు, అది మూసి ఉంచిన మట్టి ట్రాక్, నిండా గుట్టలు, గోతులు, ఎగిరి దాటాల్సిన దిబ్బలు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 40 మంది దాకా ఒకే వరుసలో నిలబడతారు, ముందు అడ్డంగా ఉన్న స్టార్టింగ్ గేటు కిందికి పడగానే అందరూ కలిసి ఒకే మలుపు మీదికి దూసుకుపోతారు, 30 నిమిషాలు నడిచాక ఇంకో 2 ల్యాపులు, అలాంటి రేసులు రోజుకు రెండు. ముంజేతులు బిగుసుకుపోయి చివరికి క్లచ్ లీవర్ మీద పట్టు కూడా దొరకదు. హెల్మెట్, నెక్ బ్రేస్, ఛాతీకి గార్డు, మోకాళ్లకు బ్రేసులు, పిక్కల పైదాకా బూట్లు, పక్కనే అంబులెన్సు, జెండాలు పట్టుకుని మార్షల్స్, ఇవన్నీ ఉన్నా ఎముకలు విరుగుతాయి. ఆ సంగతి దాచకుండా రాసిన పుస్తకం ఇంట్లో ఉంటే పిల్లవాడు పాడైపోడు, చెప్పులేసుకుని హెల్మెట్ లేకుండా వీధిలో చక్రం లేపడం ఎంత దండగ పనో వాడికి మనకంటే ఆ పుస్తకమే బాగా చెప్తుంది.

సరే, ఎవరి గురించి రాయాలి? కప్పులు ఎక్కువున్నవాళ్ల గురించి అని వెంటనే అంటారు. బెల్జియం వాడు స్టెఫాన్ ఎవర్ట్స్‌కి 10 ప్రపంచ టైటిళ్లు, 101 గ్రాండ్ ప్రీ విజయాలు, వాళ్ల నాన్న హ్యారీ కూడా 4 సార్లు ప్రపంచ చాంపియన్. గొప్ప కుటుంబమే, కాదనను. అయితే ఆ లెక్కలు రికార్డు పుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి, వాటికోసం ఎవరో కూర్చుని మూడు వందల పేజీలు రాయనక్కర్లేదు. నాకు కావాల్సింది లెక్కల్లోకి ఎక్కని బతుకులు.

అలాంటి పేర్లలో నా మటుకు మొదటిది యారొస్లావ్ ఫాల్టా. చెకోస్లవేకియా మనిషి, నడిపింది ఆ దేశపు సీజెడ్ కంపెనీ బండి. మన మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారుచేసిన జావా, యెజ్డీ బళ్ల మూలం కూడా ఆ దేశమే కాబట్టి, నాన్నగారి యెజ్డీ వెనక కూర్చుని పెరిగిన మనవాళ్లకు ఆయన అంత పరాయివాడు కాడు. 1974లో 250 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి రౌండు స్విట్జర్లాండ్‌లోని వోలెన్‌లో జరిగింది. టైటిల్ కోసం పోటీ ఫాల్టాకీ, కేటీఎం బండి మీదున్న సోవియట్ రైడర్ గెన్నడీ మొయిసేవ్‌కీ మధ్య. ఆ రోజు రేసులో మొయిసేవ్ జట్టు రైడర్లు ఫాల్టాని గుద్ది కింద పడేశారు. ఆయన లేచాడు, బండి ఎత్తుకున్నాడు, మళ్లీ ఒక్కొక్కరినే దాటుకుంటూ టైటిల్‌కి సరిపోయే స్థానంలో రేసు ముగించాడు. ప్రపంచ చాంపియన్ అయిపోయాననే అనుకున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లూ అలాగే అనుకున్నారు. ఆ తర్వాత స్టార్ట్ దగ్గర గేటు విషయంలో తప్పు చేశాడని జ్యూరీ ఒక నిమిషం పెనాల్టీ వేసింది, టైటిల్ మొయిసేవ్‌కి పోయింది. కేటీఎం కంపెనీకి అదే తొలి ప్రపంచ టైటిల్. ఫాల్టాకి మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ ప్రపంచ టైటిల్ రాలేదు.

ఇది ఒక్క రేసు కథ అయితే నేను ఇంతసేపు చెప్పేవాణ్ని కాదు. ప్రాగ్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చింది 1968లో, అంటే ఈ రేసుకు ఆరేళ్ల ముందు. ఆ దేశంలో బతికే మనిషి, సర్కారు ఫ్యాక్టరీ బండి మీద రేసులాడే మనిషి, సోవియట్ రైడర్ల చేతిలో అన్యాయం జరిగాక ఇంటికి తిరిగెళ్లి ఏం మాట్లాడగలడు, ఎవరితో మాట్లాడగలడు? అదే ఏడాది వేసవిలో లాస్ ఏంజిలిస్ కొలీజియంలో వేలమంది అమెరికన్ల ముందు, వాళ్ల రైడర్లను వాళ్ల స్టేడియంలోనే ఓడించి వచ్చినవాడు ఆయన. అక్కడ అంత వెలుగు చూసి కొన్ని వారాలకే ఇక్కడ ఆ పెనాల్టీ. ఫాల్టా 2022లో చనిపోయాడు. ఆయన గురించి రాస్తే అందులో మోటార్ సైకిలు సగమే ఉంటుంది, మిగతా సగం ఆ కాలమే ఉంటుంది, బళ్లంటే ఆసక్తి లేని మా ఆవిడలాంటి వాళ్లు కూడా వదలకుండా చదువుతారు.

రెండో మనిషి డేవిడ్ బెయిలీ, అమెరికా. 1983లో సూపర్‌క్రాస్ చాంపియన్, అంటే ఇదే ఆటను స్టేడియంలో మట్టి పోసి ఆడే రకం. సవతి తండ్రి గ్యారీ బెయిలీ ఊరూరా తిరిగి మోటోక్రాస్ పాఠాలు చెప్పిన గురువు, కొడుకు బండి మీద కూర్చునే తీరు చూసి జనం ముచ్చటపడేవాళ్లు. 1987 జనవరిలో, సూపర్‌క్రాస్ సీజన్ ఇంకా మొదలు కాకముందే, ప్రాక్టీసులో పడ్డాడు. వెన్నుపాము దెబ్బతింది, మళ్లీ నడవలేదు. 2000లో అదే మనిషి హవాయి ఐరన్‌మ్యాన్‌లో చేతులతో సైకిలు నడిపే విభాగం గెలిచాడు, సముద్రంలో 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్లు చక్రాల కుర్చీలో. ఈ రెండు తేదీల మధ్య పదమూడేళ్లున్నాయి. పత్రికల వాళ్లు పడిన రోజు రాస్తారు, గెలిచిన రోజు రాస్తారు, ఆ పదమూడేళ్లు ఎవరు రాయాలి? ఇంట్లో వాళ్లు, ఖర్చులు, కోపం, మళ్లీ మైక్ పట్టుకుని తను ఆడలేని ఆటకే కామెంటరీ చెప్పడం, ఇవన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక్కడ మన రాతల గురించి ఒక మాట అనక తప్పదు. తెలుగులో జీవిత చరిత్ర అంటే చాలాసార్లు శాలువా కప్పి చదివే సన్మాన పత్రంలా ఉంటుంది, పుట్టుక, చదువు, బిరుదులు, ప్రముఖుల అభిప్రాయాలు, అయిపోయింది. ఆ పద్ధతిలో జేమ్స్ స్టూవర్ట్ గురించి ఎలా రాస్తాం? తెల్లవాళ్లే ఆడే ఆటగా ఉన్న అమెరికన్ మోటోక్రాస్‌లో పెద్ద టైటిళ్లు గెలిచిన తొలి నల్లజాతి రైడర్, 2008లో అవుట్‌డోర్ సీజన్ మొత్తం 24 రేసులకు 24 గెలిచినవాడు. అదే స్టూవర్ట్‌కి 2014లో డోపింగ్ పరీక్షలో ఆంఫెటమైన్ అనే ఉత్తేజకం బయటపడి 16 నెలల నిషేధం పడింది, డాక్టరు రాసిచ్చిన మందే అయినా ముందుగా తీసుకోవాల్సిన అనుమతి లేదు. 24 విజయాలు రాసి 16 నెలలు వదిలేస్తే అది ఆయన జీవితం కాదు. మన రచయితలు ఈ రెండో భాగం రాయడానికి సంకోచిస్తారు, ఆ మనిషి నొచ్చుకుంటాడేమో అని, ఇంట్లో వాళ్లేమనుకుంటారో అని. ఆ మొహమాటం వదిలితేనే నేను అడుగుతున్న పుస్తకాలు వస్తాయి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. సంతోష్ ఇక్కడి సూపర్‌క్రాస్ ట్రాకుల మీద పెరిగి, జాతీయ టైటిళ్లు గెలిచి, 2015లో డకార్ ర్యాలీకి వెళ్లాడు. అర్జెంటీనా, చిలీ, బొలీవియాల మీదుగా సాగిన ఆ ర్యాలీని 36వ స్థానంలో ముగించాడు, డకార్ పూర్తిచేసిన మొదటి భారతీయుడు అతనే. 36 అనగానే పెదవి విరిచేవాళ్లని నేను చూశాను. 1965లో సుజుకి కంపెనీ యూరప్ మోటోక్రాస్‌కి పంపిన కుబో, కొజిమా అనే ఇద్దరు జపాన్ రైడర్లు అక్కడ ఏమీ గెలవలేదు. వాళ్లు నేర్చుకున్న దెబ్బల మీదే బళ్లు మారాయి, 1970లో జోయెల్ రాబర్ట్ సుజుకి మీద ప్రపంచ టైటిల్ కొట్టాడు, 1978లో అకిరా వతనబే మోటోక్రాస్‌లో తొలి జపాన్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. సంతోష్ వెళ్లిన దారిలోనే కె.పి. అరవింద్ వెళ్లాడు, కేరళ కుర్రాడు హరిత్ నోవా వెళ్లాడు, 2024 డకార్‌లో హరిత్ బైకుల్లో ‘ర్యాలీ-2’ అనే విభాగం గెలిచి, బైకులన్నిటిలో 11వ స్థానంలో వచ్చాడు. ముందు వెళ్లినవాడి కథ లేకుండా తర్వాతవాడి కథ అర్థం కాదు.

సంతోష్ కథలో నన్ను పట్టి ఉంచేది మాత్రం స్థానం కాదు. 2020 డకార్‌లో అతని జట్టులోని పాలో గొన్సాల్వెస్ ఎడారిలో పడి చనిపోయాడు. మరుసటి ఏడాది సంతోష్ మళ్లీ వెళ్లాడు. 2021 జనవరిలో సౌదీలో నాలుగో స్టేజీలో పడి, తలకు దెబ్బ తగిలి, రియాద్ ఆసుపత్రిలో డాక్టర్లు మందులతో కోమాలో ఉంచాల్సి వచ్చింది. కోలుకుని ఇంటికొచ్చాడు. తోటివాడు పోయిన ర్యాలీకి మళ్లీ బయల్దేరే ముందు ఇంట్లో ఏం మాట్లాడుకున్నారు, ఆ నిర్ణయం ఎలా తీసుకున్నాడు, లేచాక తనకు ఏం గుర్తుంది, ఏం గుర్తులేదు? ఇవి అడగడానికి మనిషి ఉన్నాడు, ఇదే ఊళ్లో అడగొచ్చు. ఫాల్టాని ఇక అడగలేం.

ఐశ్వర్య పిస్సే కచ్చితంగా మోటోక్రాస్ మనిషే అని చెప్పను, ఆమె రోడ్ రేసులు కూడా ఆడింది, పేరు తెచ్చుకున్నది ర్యాలీల్లో, బాహాల్లో, అంటే డకార్ లాంటివే కానీ తక్కువ రోజుల్లో ముగిసే ర్యాలీల్లో. అయినా ఈ పుస్తకాల వరుసలో ఆమెకు చోటు లేకపోతే ఆ వరుసే తప్పు. 2018లో స్పెయిన్ బాహాలో పడి కడుపులో క్లోమానికి గాయమైంది. 2019లో మళ్లీ వెళ్లి అంతర్జాతీయ మోటార్ సైకిలు సమాఖ్య (ఎఫ్ఐఎం) బాహా ప్రపంచ కప్ మహిళల విభాగం గెలిచింది, ఆమెకు 65 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న పోర్చుగల్ అమ్మాయికి 61. నాలుగు పాయింట్ల తేడాతో మోటార్ స్పోర్ట్స్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు ఆమె. మన అపార్టుమెంట్లలో ఆడపిల్ల స్కూటీ నేర్చుకుంటానంటేనే నలుగురు పెద్దవాళ్లు సలహాలిస్తారు. ఆ పిల్లల చేతికి ఈ కథ తెలుగులో అందాలని నాకు గట్టిగా ఉంది.

వీళ్లిద్దరి గురించి కనీసం పత్రికల్లో వార్తలైనా ఉన్నాయి. అంతకు ముందు తరం సంగతే నన్ను ఎక్కువ తొలిచేస్తోంది. టీవీఎస్ 1982లో రేసింగ్ జట్టు పెట్టింది, ఎంఆర్ఎఫ్ మట్టి రేసులకు ఏళ్ల తరబడి డబ్బు పెట్టింది, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది 1985లో. ఎనభైలు, తొంభైల్లో మన కుర్రాళ్లు ఆడింది విదేశీ మోటోక్రాస్ బండి మీద కాదు, ఆర్ఎక్స్, షోగన్ లాంటి రోడ్డు బళ్ల మీద. ఆ బండిని దిబ్బ మీంచి ఎగరేస్తే తట్టుకోవాలంటే ఛాసిస్ వెల్డింగ్ చేయించాలి, సస్పెన్షన్ మార్చాలి, గళ్ల టైర్లు వెతికి తెచ్చుకోవాలి. ఆ పని చేసిన మెకానిక్కులు ఉన్నారు, జె.సి. రోడ్డులో పార్టుల కోసం తిరిగినవాళ్లు ఉన్నారు, కీళ్ల మీద కట్లతో ఆఫీసుకెళ్లి నాన్నకు అబద్ధం చెప్పినవాళ్లు కూడా ఉండే ఉంటారు. ఇంజిను పోర్టులు, అంటే గాలి, పొగ వెళ్లే దారులు, చేత్తో ఫైలు (ఆకురాయి) పెట్టి గీసిన మెకానిక్‌కి పుస్తకంలో ఒక అధ్యాయం రాకపోతే, ఆ బండి ఎలా పరిగెత్తిందో మనం సగమే చెప్పినట్టు. వాళ్లిప్పుడు అరవై దాటిన మనుషులు.

అందుకని నేను అడిగేది ఇది. ఈ సంచికతో మొదలుపెట్టి ప్రతి సంచికలో నాలుగు పేజీలు ఒక రైడర్‌కో మెకానిక్‌కో ఇద్దాం, ఏడాది తర్వాత వాటిలో నిలబడే కథను పుస్తకం చేద్దాం, అచ్చు ఖర్చులో నా వంతు నేను పెట్టుకుంటాను. మీ నాన్నగారో మామయ్యో బాబాయో ఆ రోజుల్లో బెంగళూరులోనో మైసూరులోనో మట్టి రేసులు ఆడి ఉంటే, కనీసం బళ్లు సిద్ధం చేసి ఉంటే, సంఘం ఆఫీసులో నా పేరు మీద ఒక చీటీ పెట్టండి, ఆదివారాలు నేనే రికార్డర్ పట్టుకుని మీ ఇంటికొస్తాను. ఈలోపు ఇంట్లో ఉన్న పాత ఫోటోలు తీసి, అందులో ఉన్నవాళ్ల పేర్లు, ఊరు, ఏడాది వాళ్లచేతే వెనక రాయించి ఉంచండి.