ఫ్లోరెన్స్ నిషేధాన్ని మూర్ఖత్వం అనడం అన్యాయం

భారత్‌లో పుట్టిన మన అంకెలు కనబడగానే ఐరోపా కళ్ళు తెరిచిందనీ, వాటిని ఖాతాల్లో నిషేధించిన ఇటలీ నగరం ఫ్లోరెన్స్ వ్యాపారుల్లా కాదన్నవాళ్ళంతా మూర్ఖులనీ రాసే పోస్టులు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. సున్నా మీద గర్వం నాకూ ఉంది. కానీ ఆ అంకెలు అక్కడ నిలదొక్కుకోవడానికి పట్టిన శతాబ్దాలనూ, అందుకు శ్రమించిన మనుషులనూ ఈ పోస్టులు ఒక్క వాక్యంతో తుడిచేస్తున్నాయి.

స్పెయిన్‌లోని అల్బెల్డా మఠంలో 976లో రాసిన ప్రతిలోనే తొమ్మిది అంకెలూ ఉన్నాయి. సున్నా మాత్రం లేదు. ఇటలీలోని పీసా నగర వర్తకుల పనులు చూసే తండ్రి వెంట ఉత్తర ఆఫ్రికాలోని బుగియా రేవులో ఉంటూ ఈ లెక్కలు నేర్చుకున్న లియొనార్దో, అంటే ఫిబొనాచ్చి, 1202లో ‘లిబేర్ అబాచి’ అనే లెక్కల పుస్తకం రాసి, ఇవి భారతీయుల అంకెలని మొదటి అధ్యాయంలోనే చెప్పాడు. అయినా 1299లో ఫ్లోరెన్స్ నగరపు నాణేల మార్పిడి వ్యాపారుల సంఘం, ఖాతా పుస్తకాల్లో మొత్తాలను అంకెల్లో వేయరాదని, అక్షరాల్లోనే రాయాలని నిబంధన పెట్టింది.

దీన్ని మూఢత్వమనేవారు ఒక్కసారి సున్నాకు పైన చిన్న గీత తగిలించి చూడాలి: అది ఆరవుతుంది, గీతను కిందికి దించితే తొమ్మిదవుతుంది. చివర మరో సున్నా చేరిస్తే అప్పు పదింతలవుతుంది. పైగా అప్పటికి అంకెల రూపాలు అంతటా ఒకేలా స్థిరపడలేదు. మనం నేటికీ చెక్కు మీద అంకెలతో పాటు మొత్తాన్ని అక్షరాల్లో కూడా రాస్తున్నది ఇలాంటి జాగ్రత్తతోనే కదా!

రోమన్ అంకెలతో వర్తకులు గుణకారాలు చేయలేక సతమతమయ్యారన్నదీ సగం నిజమే. వారు గీతల బల్ల మీద బిళ్ళలు జరిపి లెక్క తేల్చి, ఫలితాన్ని మాత్రమే రోమన్ అంకెల్లో నమోదు చేసేవారు. చేతికి అలవాటైన ఆ పద్ధతిని వదలాలంటే ఎక్కాలు కంఠస్థం కావాలి, లెక్క వేసి పారేయగలిగేంత చవకగా కాగితం దొరకాలి, అన్నిటికన్నా ముఖ్యంగా నేర్పేవాడు కావాలి. ఇటలీలో ఫాబ్రియానో వంటి ఊళ్ళు కాగితాన్ని అందించాయి. ‘అబాకో’ బడుల, అంటే వర్తకపు లెక్కలు నేర్పే బడుల పంతుళ్ళు చదువును అందించారు. వడ్డీ, నాణేల మారకం, భాగస్థుల వాటాలు వంటి బతుకుదెరువు లెక్కలను వారు వర్తకుల పిల్లలకు వాడుక భాషలో నేర్పారు. ఫ్లోరెన్స్‌లో అలాంటి బడులు ఆరింట వెయ్యి నుంచి పన్నెండు వందల మంది పిల్లలు చదువుతున్నారని 14వ శతాబ్దపు చరిత్రకారుడు జొవాన్ని విల్లాని రాశాడు. నా దృష్టిలో అంకెలను ఐరోపాలో గెలిపించింది ఈ బడులే.

బాగ్దాద్‌లో భారతీయ గణన పద్ధతిని వివరించిన అల్ ఖ్వారిజ్మీ పేరును దాటవేసే పోస్టులు నాకు మరీ కష్టం కలిగిస్తాయి. 12వ శతాబ్దంలో ఆయన రచన లాటిన్‌లోకి రాకపోతే ఐరోపా పండితులకు ఈ లెక్కలు అంత త్వరగా అందేవి కావు. సున్నాతో లెక్కల నియమాలు చెప్పిన బ్రహ్మగుప్తుడి పేరు తలచిన ప్రతిచోటా అల్ ఖ్వారిజ్మీ పేరూ, ఆ ఫ్లోరెన్స్ పంతుళ్ళ ప్రస్తావనా ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.