దాళ్వా ఏప్రిల్లో, ఫీజు ఆగస్టులో

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు ఏప్రిల్లో. ఇంజనీరింగ్ ఫీజు అడిగేది ఆగస్టులో, సార్వా (తొలి పంట) నాట్లకి కూలీలూ ఎరువులూ కలిసి జేబు ఊడ్చేశాక. భీమవరమైనా అమలాపురమైనా ఇదే గోల. ఏడాది ఆదాయం 2.5 లక్షలు దాటితే సర్కారు ఫీజు కట్టే రీయింబర్స్‌మెంటు లేదు. ఓ మాదిరి గుమస్తా జీతమే ఆ గీత దాటేస్తుంది. దాటనివాళ్లకీ సుఖం లేదండి. సర్కారు సొమ్ము ఆలస్యమైతే, పరీక్షల ముందు అమ్మ గాజులు తాకట్టుకెళ్తాయి.

బ్యాంకు లోను ఉందిగా అంటారు. 4 లక్షల దాకా హామీ అక్కర్లేదు, నిజమే. తిరకాసంతా మారటోరియంలో ఉంది. నాలుగేళ్ల చదువు, పైన ఒక ఏడాది వాయిదా అడగరు గానీ వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏటా మొదట్లో లక్ష చొప్పున తీసుకుంటే, 10 శాతం బారువడ్డీకే అయిదేళ్లలో 1,40,000 పోగుపడుతుంది. దాన్ని అసల్లో కలిపి అప్పుడు ఈఎంఐ వేస్తారు. వడ్డీ కింద మొదటి ఏడాది నెలకి 833 రూపాయలు, తర్వాత నాలుగో ఏడాది దాకా ఏటా ఇంకో 833 కలుపుకుంటూ కట్టేస్తే ఈ బెడద ఉండదు. ఆ ముక్క కౌంటర్లో అడగందే ఎవరు చెబుతారు! హాస్టలూ ల్యాప్‌టాపూ మొదటి దరఖాస్తులోనే రాయించాలి; తర్వాత పెంచమంటే మళ్లీ కాగితాల మోతే.