కుడి భుజం గారూ, తమరు కాస్త ఆగాలి

మహారాజశ్రీ కుడి భుజం గారికి, వారి వెంట నడిచే మోచెయ్యి, మణికట్టు గార్లకు నమస్కారాలు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. గోల్ఫ్‌లో ఆ పాటి న్యాయం కూడా జరగదు. బంతి ఎడమకి బయల్దేరి, సగం దూరం పోయాక కుడికి వంగి చెట్లలో పడుతుంది. ఆడినవాడు గ్లవ్ వంక చూస్తాడు, గాలి వంక చూస్తాడు, అరవై వేలు పోసి కొన్న డ్రైవర్ (దూరం కొట్టే పొడవాటి కర్ర, అంటే క్లబ్) వంక చూస్తాడు. చివరికి "తల ఎత్తేశాను" అంటూ ఏ పాపమూ ఎరగని తలని తిట్టుకుంటాడు. భుజం తడుముకున్నవాడు లేడు. అందుకే కుడిచేతి వాటం ఆటగాడి భుజమైన తమరికి ఈ లేఖ.

తమరి మీద అభియోగం సోమరితనం కాదని ముందే మనవి. పిలవకముందే వచ్చి పనంతా తమ భుజాన వేసుకోవడమే తమరి జబ్బు. అన్నం కలిపేది తమరే, సంతకం పెట్టేది తమరే, బండి యాక్సిలరేటర్ తిప్పేది తమరే. ఇన్ని చేసేవాణ్ణి, నేలమీద కదలకుండా కూర్చున్న బంతిని కొట్టలేనా అని తమరికి అనిపించడం సహజమే. గల్లీ క్రికెట్‌లో పెరిగిన భుజమైతే ఇక చెప్పనక్కర్లేదు, కింది చేత్తో లెగ్ సైడ్‌కి లాగెయ్యడం ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు ఆ మణికట్టు తిప్పుడు చూసి దేశమంతా చప్పట్లు కొట్టింది. గోల్ఫ్‌లో ఫెయిర్‌వే మీద, అంటే కత్తిరించిన గడ్డి దారి మీద, అదే తిప్పుడు తిప్పితే బంతి పక్క హోల్‌లో ఆడుతున్నవాళ్ళ మధ్య పడుతుంది. పైగా క్రికెట్‌లో బంతి మీదికొస్తుంది కాబట్టి తొందరపడాలి. ఇక్కడ బంతి ఎక్కడికీ పోదు. తొందరంతా తమరిదే.

తమరి ఆగడాలు స్వింగ్, అంటే క్లబ్ ఊపడం, మొదలవకముందే మొదలవుతాయి. క్లబ్ పిడి (గ్రిప్) మీద కుడి చెయ్యి ఎడమచేతికి దిగువన ఉంటుంది కాబట్టి కుడి భుజం కూడా ఎడమదాని కన్నా కాస్త కిందికి ఉండాలి. అందుకోసం నడుము పైభాగం లక్ష్యానికి వ్యతిరేక దిశలో కొద్దిగా ఒరగాలి. తమరు ఒరగరు. క్లబ్ అందుకోవడానికి పైనుంచి ముందుకు చాచుకుని వస్తారు. దాంతో రెండు భుజాలనూ కలిపే గీత లక్ష్యానికి ఎడమగా చూస్తుంది. పాదాలు నేరుగానే ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాదు. బంతి దగ్గర నిలబడ్డాక ఒక క్లబ్‌ని ఛాతీకి అడ్డంగా, రెండు భుజాలకీ ఆనించి పెట్టి చూస్తే అది ఎటు చూపిస్తోందో తెలిసిపోతుంది. లేదా ఫోన్‌ని ఆటగాడికి కుడి పక్కన, చేతుల ఎత్తులో, లక్ష్యం వైపు చూసేలా పెట్టి వీడియో తియ్యాలి. అందులో కుడి ముంజేయి ఎడమ ముంజేతికి పైన కనబడిందంటే తమరు అప్పుడే ముందుకొచ్చేశారన్నమాట. కుడి చేతిని పక్కనుంచి, కిందనుంచి తెచ్చి పట్టుకోవాలి. మోచెయ్యి వదులుగా, కుడి తుంటి వైపు చూస్తూ ఉండాలి.

పట్టు గురించి కూడా చెప్పాలి. కుడి చేతిలో క్లబ్ ఉండాల్సింది మధ్య వేలు, ఉంగరపు వేలు దగ్గర. చిటికెన వేలు ఎడమచేతి వేళ్ళ మీద కూర్చుంటుంది, లేదంటే ఎడమ చూపుడు వేలితో మెలిక పడుతుంది. అరచేతి గుంట ఎడమ బొటనవేలిని కప్పుతుంది. బొటనవేలూ చూపుడు వేలూ ఊరికే ఆనుకుని ఉంటే చాలు. కానీ సుత్తి, కత్తి, కలం పట్టి అలవాటైన ఆ రెండు వేళ్ళే అందరికన్నా ముందు బిగుస్తాయి. అవి బిగిస్తే ముంజేయి బిగుస్తుంది, అక్కణ్ణుంచి దండచెయ్యి, ఆపైన తమరు చెవి దాకా లేస్తారు. చదివేవారు చేతికందిన స్పూన్‌ని ఆ రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టి, బిగువు ఎంత దూరం పాకుతుందో చూసుకోవచ్చు. ప్రాక్టీసు చేసే రేంజ్‌లో వెడ్జ్ (దగ్గరి షాట్లకి వాడే క్లబ్) పట్టుకుని, ఆ రెండు వేళ్ళనీ గ్రిప్ మీంచి లేపేసి, నడుము ఎత్తు దాకా మాత్రమే ఊపుతూ పది బంతులు కొడితే తమరు దిగాల్సిన చోటికి దిగుతారు. గ్లవ్ ఎడమచేతికే తొడుగుతారన్న అక్కసు తమరికి ఉంటే ఉండనివ్వండి, దాన్ని వేళ్ళ మీద చూపించొద్దు.

క్లబ్‌ని వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో తమరి తప్పులు కొంచెం తక్కువే. క్లబ్ నడుము ఎత్తుకి వచ్చేదాకా కుడి చెయ్యి దాదాపు చాచే ఉంటుంది. ఆపైన మోచెయ్యి ముడుస్తుంది, వీపు మీది రెక్క ఎముక వెన్ను వైపు జరుగుతుంది, దండచెయ్యి బయటికి తిరుగుతుంది. పైకి చేరేసరికి మోచేతి దగ్గర సుమారు 90 డిగ్రీల కోణం ఉండాలి. అంతకన్నా ముడిస్తే చేతులు చెవి వెనక్కి పోతాయి, చేతులు ఒంటికి దగ్గరై క్లబ్ తిరిగే వంపు (ఆర్క్) చిన్నదైపోతుంది. చూసేవాళ్ళకి అది పెద్ద స్వింగ్‌లాగే కనిపిస్తుంది, దూరం మాత్రం రాదు.

మోచెయ్యి పక్కకి లేవడం, అంటే ఫ్లయింగ్ ఎల్బో గురించి జరిగే గగ్గోలు మాత్రం దండగ. గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ మోచెయ్యి లేచే ఉండేది, ఆయన 18 మేజర్లు, అంటే గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద టోర్నీలు, గెలిచాడు. జిమ్ ఫ్యూరిక్ క్లబ్ పైన ఒక సున్నా చుట్టి గానీ కిందికి రాదు, ఆయన 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో అమెరికా ప్రొఫెషనల్ పోటీల వరస పీజీఏ టూర్‌లో ఒక రౌండ్‌ని 58 దెబ్బల్లోనే ముగించాడు. మోచెయ్యి లేచినందుకు శిక్ష లేదు, దిగాల్సినప్పుడు దిగనందుకే. ఈ భయంతో మోచేతిని పక్కటెముకలకి అతికించుకుని తిరిగే వర్గం ఒకటుంది. వాళ్ళకి దిగేటప్పుడు మోచెయ్యి తుంటి వెనక ఇరుక్కుపోతుంది, క్లబ్ మరీ లోపలినుంచి, అంటే ఒంటి వైపునుంచి, వస్తుంది, బంతి నేరుగా కుడికైనా పోతుంది, చివరి క్షణంలో మణికట్టు తిప్పేస్తే ఎడమకి హుక్ అయినా అవుతుంది. మోచెయ్యి ఉండాల్సింది తుంటికి ముందు, పక్కటెముకలకి కాస్త ఎడంగా.

ఇక అసలు కేసు, పైనుంచి కిందికి తిరిగే ఆ మలుపు.

మంచి ఆటగాళ్ళకి వెనక్కి తీసుకెళ్ళే సమయం, కిందికి వచ్చే సమయం దాదాపు 3:1 నిష్పత్తిలో ఉంటాయి. కిందికి వచ్చేది పావు సెకను. ఆ పావు సెకనులో ఒక వరస ఉంది: ముందు బరువు ఎడమ పాదం మీదికి, తర్వాత తుంటి, తర్వాత మొండెం, తర్వాత చేతులు, అన్నిటికన్నా చివర క్లబ్. చేతులు ఇంకా వెనక్కి వెళ్తుండగానే కింది సగం ముందుకి బయల్దేరాలి. అప్పటిదాకా తమరి డ్యూటీ ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. వెనకే ఉండి, మోచేతిని కుడి తుంటి ముందుకి దిగనివ్వడమే. ఆ తర్వాత తమరు రావాల్సింది కిందికి, గడ్డం కిందుగా. తమరు వచ్చేది బయటికి, బంతి మీదికి. దీన్నే ఓవర్ ద టాప్ అంటారు. తమరు అలా దూకగానే క్లబ్, బంతి నుంచి లక్ష్యానికి ఊహించుకునే గీతకి అవతలినుంచి ఇవతలికి కోసుకుంటూ వస్తుంది, గడ్డి లేచిపోయిన గాటు (డివట్) ఎడమకి చూస్తుంది.

బంతి ఎటు బయల్దేరుతుందో ఎక్కువగా క్లబ్ ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, చెబుతుంది. ఎటు వంగుతుందో ఫేస్‌కీ, క్లబ్ నడిచిన దారికీ ఉన్న తేడా చెబుతుంది. తమరి పుణ్యాన దారి ఎడమకి పోయింది. ఫేస్ కూడా దారితోపాటే చూస్తే బంతి నేరుగా ఎడమకి పోతుంది, అది పుల్. దారికన్నా తెరుచుకుని ఉంటే కుడికి వంగుతుంది, అది స్లైస్. లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, తక్కువైన కొద్దీ ఈ వంపు పెరుగుతుంది. అందుకే ఒకే స్వింగ్, లాఫ్ట్ ఎక్కువున్న నైన్ ఐరన్ అనే క్లబ్‌తో ఎడమకీ, లాఫ్ట్ తక్కువున్న డ్రైవర్‌తో కుడికీ కొడుతుంది. ఆడినవాడు ఇవి రెండు రోగాలనుకుని రెండు మందులు వెతుకుతాడు. డ్రైవర్ కుడికి పోతోంది కదా అని ఎడమకి గురిపెట్టి నిలబడతాడు. అలా నిలబడితే తమరు ఇంకాస్త ముందుకొస్తారు, స్లైస్ ఇంకాస్త పెరుగుతుంది. ఏళ్ళ తరబడి ఇలా ఒక్కో అంగుళం ఎడమకి జరుగుతూ, చివరికి పక్క ఫెయిర్‌వేకి గురిపెట్టి ఆడేవాళ్ళు ప్రతి గోల్ఫ్ మైదానంలోనూ ఉంటారు.

తమరి తరఫున కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. చాలాసార్లు నేరం మొదట ఫేస్‌ది. ఎడమచేతి పట్టు బలహీనంగా ఉండి, పైనుంచి చూస్తే ఒక్క పిడికిలి ముడి తప్ప కనబడకపోతే, ఫేస్ తెరుచుకునే వస్తుంది. బంతి నాలుగుసార్లు కుడికి పోయాక శరీరం తనంతట తానే ఎడమకి లాగడం నేర్చుకుంటుంది, ఆ లాగే పని తమరికి అప్పగిస్తుంది. అలాంటి చోట ముందు ఎడమ గ్రిప్‌ని కొద్దిగా కుడికి తిప్పి, రెండున్నర ముడులు కనబడేలా పట్టుకోవాలి. అది మానేసి తమరిని ఎంత తిట్టినా ఫలితం ఉండదు.

తమరి రెండో అలవాటు మోచేతిని, మణికట్టుని ముందే విప్పెయ్యడం. ఐరన్ షాట్‌లో బంతిని తాకే క్షణాన కూడా కుడి మోచెయ్యి కొద్దిగా ముడిచే ఉండాలి, కుడి మణికట్టు వెనక్కి వంగే ఉండాలి. చెయ్యి పూర్తిగా చాచుకోవాల్సింది బంతి వెళ్ళిపోయాక. తమరు నడుము ఎత్తులోనే చాచేస్తారు. దాంతో క్లబ్ చేతుల్ని దాటిపోతుంది, స్వింగ్ అడుగు తాకాల్సిన చోటు బంతికి మూడు నాలుగంగుళాలు ముందుండాల్సింది పోయి వెనక్కి వస్తుంది. నేల తవ్వుకోవడమో, బంతి నెత్తిన కొట్టడమో మిగులుతుంది. ఒకవేళ తగిలినా లాఫ్ట్ పెరిగిపోయి సెవన్ ఐరన్ నైన్ ఐరన్ దూరమే పోతుంది. రేంజ్ మ్యాట్ మీద ఈ గుట్టు బయటపడదు. క్లబ్ వెనక తగిలినా మ్యాట్ మీద జారి బంతిని లేపేస్తుంది. గడ్డి మీదికి రాగానే తేలిపోతుంది.

చిన్నప్పుడు చెరువు నీటి మీద చిల్లపెంకు గెంతించిన భుజానికి ఈ పాఠం కొత్త కాదు. ఆ విసురులో మోచెయ్యి ముందు నడుస్తుంది, మణికట్టు వెనక్కి వంగే ఉంటుంది, పెంకు ఆఖరున వదులుతుంది, భుజం పక్కకి ఒరిగి కిందికి వస్తుంది. భుజం ముందే దూకితే పెంకు బుడుంగున మునుగుతుంది. క్లబ్ పక్కన పెట్టి, స్వింగ్ నిలబడినట్టే నిలబడి, టెన్నిస్ బంతిని అలా నేలబారుగా పదిసార్లు విసిరి, వెంటనే క్లబ్ పట్టుకుంటే తేడా చేతికే తెలుస్తుంది.

పావు సెకనులో ఆలోచించి దిద్దుకోవడం మనిషి వల్ల కాదు కాబట్టి అడ్డు పెట్టడమే దారి. క్లబ్ తలకి తొడిగే హెడ్‌కవర్‌ని బంతికి ఒక అడుగు వెనక, గీతకి అవతల నాలుగంగుళాల దూరంలో పెట్టాలి. తమరు బయటికి దూకితే క్లబ్ దానికి తగులుతుంది, అంతకన్నా నిజాయితీ గల కోచ్ దొరకడు. మొదట సగం వేగంతో కొట్టాలి. తర్వాత వెడ్జ్‌తో ఒంటి చేతి సాధన: ఎడమచేత్తో కుడి దండచేతిని పట్టుకుని, కుడి చేత్తో మాత్రమే నడుము నుంచి నడుము దాకా ఊపాలి. తమరు తోస్తే క్లబ్ బంతికి ఎంతో వెనక నేలని గుద్దుతుంది, మొండెం తిరుగుతూ తీసుకొస్తే బంతి శుభ్రంగా లేస్తుంది. పదిహేను బంతులు చాలు, ఎక్కువైతే మోచెయ్యి మూలుగుతుంది.

"తల దించి ఉంచు" అని సలహా ఇచ్చేవాళ్ళు తమరికి చేసే అపకారం అంతా ఇంతా కాదు. తమరు గడ్డం కిందుగా సరిగ్గా వస్తే తలని మెల్లగా తిప్పి లేపేది తమరే. తలని నేలకి మేకేసి కొట్టినట్టు ఉంచితే తమరికి దారి మూసుకుపోతుంది, మొండెం ఆగిపోతుంది, చేతులే తిప్పుకోవాల్సి వస్తుంది. ఆనికా సోరెన్‌స్టామ్ తల బంతి తగలకముందే లక్ష్యం వైపు తిరిగిపోయేది, ఆమె పది మేజర్లు గెలిచింది. డేవిడ్ డువాల్ కూడా అంతే, 2001లో బ్రిటిష్ ఓపెన్ ఎత్తుకెళ్ళాడు.

తమరి ఆరోగ్యం గురించీ రెండు మాటలు. గోడకి వీపు ఆనించి, మోచేతిని భుజం ఎత్తులో పక్కకి చాచి, 90 డిగ్రీలు ముడిచి, ముంజేతిని పైకి వెనక్కి తిప్పితే చేతి వెనక భాగం గోడకి తగలాలి. రోజంతా లాప్‌టాప్ మీద వంగి కూర్చునే భుజాలు చాలావరకు తగలవు. అలాంటి భుజం కిందికి దిగమంటే దిగలేదు, ముందుకి దూకడం ఒక్కటే దానికి చేతనవును. చంకలో చిన్న తువ్వాలు చుట్ట పెట్టుకుని, మోచేతిని పక్కకి ఆనించి, తేలికపాటి సాగే బ్యాండ్‌ని బయటికి లాగడం పదిహేనేసి చొప్పున రెండుసార్లు చేస్తే కొన్ని వారాల్లో మార్పు కనిపిస్తుంది. నొప్పి ఉంటే మాత్రం ఫిజియో దగ్గరికే. గట్టి మ్యాట్‌ని, నేలని పదే పదే గుద్దితే కుడి మోచేతి లోపలి బుడిపె దగ్గర పట్టుకునే నొప్పికే గోల్ఫర్స్ ఎల్బో అని పేరు. తమరి తొందరకి జరిమానా కట్టేది పాపం మోచెయ్యి గారు.

ఇట్లు,
తమరు దారివ్వగానే పని మొదలుపెట్టాలని చూస్తున్న
తుంటి, మొండెం, ఎడమ చెయ్యి.

తా.క.: ముందుండాలన్న కోరిక తమరికి అంతగా ఉంటే ఫినిష్‌లో తీరుతుంది. స్వింగ్ పూర్తిగా తిరిగితే లక్ష్యానికి అందరికన్నా దగ్గరగా ఉండే భుజం తమరే. ఫోటో దిగాలనుకుంటే అక్కడ దిగండి.