చెత్త బండికి ఏ ఇంధనం అన్నది సగం ప్రశ్నే

మహబూబ్‌నగర్ 2025లో నగరపాలక సంస్థ అయింది. నల్లగొండ నలుదిక్కులా కాలనీలు పెరుగుతున్నాయి. ఊరు పెరిగితే చెత్త బండి తిరిగే కిలోమీటర్లూ పెరుగుతాయి. అందుకే డీజిల్ ఆటోలు తీసేసి ఎలక్ట్రిక్‌వి కొనాలనే వాదన. వాదనలో న్యాయం ఉంది. కానీ పొగ ఎక్కడ, ఎందుకు పుడుతోందో చూడకుండా బండ్లు మారిస్తే ఖర్చు పెట్టినంతగా కాలుష్యం తగ్గదు.

ఇంటింటి సేకరణలో బండి నడిచేది తక్కువ, ఆగేది ఎక్కువ. పది ఇళ్లకోసారి ఆగినా ఇంజిన్ మాత్రం ఆగదు. డ్రైవర్ల నిర్లక్ష్యమని తేల్చేయడం తేలిక. అసలు సంగతి బ్యాటరీది. పొద్దంతా మైకు మోగి మోగి బ్యాటరీ దిగిపోతుంది, ఆపితే సెల్ఫ్ తీసుకోదు, గల్లీలో బండిని నెట్టాలి. అందుకే ఆపరు. చిన్న డీజిల్ ఇంజిన్ నిలబడే గంటకు సుమారు అర లీటరు తాగుతుంది. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మైకుకు విడిగా చిన్న బ్యాటరీ పెట్టి, బండి బ్యాటరీని సకాలంలో మారిస్తే కొత్త బండి కొనకుండానే ఇందులో పెద్ద భాగం ఆగుతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (వాహనాల పొగకు హద్దు పెట్టే భారత్ స్టేజ్ ప్రమాణం) డీజిల్ బండ్లలో చాలావాటికి మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్, ఉంటుంది. అందులో పేరుకున్న మసి తనంతట తాను కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. హైవే మీద అది మామూలే. గల్లీలో నడక వేగంతో పోయే బండికి ఆ వేడి రాదు. ఫిల్టర్ పూడుకుపోతుంది, మీటర్ బోర్డుపై లైటు వెలుగుతుంది, పికప్ పడిపోతుంది. ఆ దశలో ఫిల్టరే పీకేయించాలన్న ఆలోచన వస్తే బీఎస్-6 పేరుకే మిగులుతుంది. దీనికి తోడు ఊడ్చిన దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. నల్లపొగ అంటే గాలి చాలక సగం కాలిన డీజిల్. దాన్ని మొదట పీల్చేది వెనక నిలబడి డబ్బాలు గుమ్మరించే కార్మికులు.

అంతకన్నా పాత సమస్య ట్రాక్టర్. ట్రాక్టర్లకు బీఎస్ ప్రమాణాలు వర్తించవు. వాటికి ట్రెమ్ ప్రమాణాలు వేరే ఉన్నాయి. 2023 జనవరిలో వచ్చిన కఠినమైన ట్రెమ్-4 కూడా 50 హెచ్‌పీ దాటినవాటికే. చెత్త ట్రాలీ లాగే బండ్లు ఎక్కువగా దానికి లోపే ఉంటాయి, మసి ఫిల్టర్ ఉండదు. దున్నడానికి తయారైన ఇంజిన్‌తో నల్లగొండ ప్రకాశం బజార్ లాంటి ఇరుకు చోట అరగంట నిలబెట్టడం ఏ లెక్కకూ అందదు. పాత బండ్లు తీసేయాలంటే వరసలో ముందుండాల్సింది ఆటోలు కాదు, ఇవి.

ఇక ఎలక్ట్రిక్. ఆగుతూ సాగే పనికి దాన్ని మించింది లేదు. నిలబడితే ఖర్చు లేదు, బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. రోజుకు 50 కిలోమీటర్లు తిరిగే ఆటో అనుకుందాం. డీజిల్‌ది 5 లీటర్లు తాగితే 13 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. ఎలక్ట్రిక్‌ది చార్జింగ్ నష్టంతో కలిపి 7 యూనిట్లు తీసుకుంటే, దేశ గ్రిడ్ సగటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 5 కిలోలు. సున్నా మాత్రం కాదు. సాగర్, జూరాలలో టర్బైన్లు తిరిగినా, ఇదే నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి ప్లాంటు నడిచేది బొగ్గుతోనే. గల్లీలో పొగ మాత్రం పూర్తిగా పోతుంది. ఆ ఒక్క కారణం చాలు కొనడానికి.

అయితే అదే ఆటో రోజుకు మూడు ట్రిప్పుల్లో టన్నున్నర చెత్త మోసి, అందులో సగం తడి చెత్త డంప్ యార్డుకు చేరిందనుకోండి. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ లెక్కగట్టే పద్ధతిలో లోతు తక్కువ ఉన్న యార్డులో టన్ను వంటింటి చెత్త కుళ్లి, కాలక్రమంలో సుమారు 20 కిలోల మీథేన్ వదులుతుంది. ముప్పావు టన్నుకు 15 కిలోలు. నూరేళ్ల లెక్కలో మీథేన్ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు, అంటే 420 కిలోలతో సమానం. ఇంధనం మార్చి రోజుకు 8 కిలోలు మిగిల్చి, యార్డులో 420 వదిలినట్టు.

తడి, పొడి వేరు చేయాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఇళ్లలో వేరు చేసినా ట్రాలీలో మధ్య పలక లేకపోతే అన్నీ ఒక్కటే. తడి గదికి నీరు కారని అడుగు, చెత్త నుంచి ఊరే నీరు పట్టే చిన్న ట్యాంకు ఉండాలి. ఆ పులిసిన నీరు రేకును తినేస్తుంది, దారి పొడవునా కారుతుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో కూరగాయల వ్యర్థాలతో కరెంటు, వంటగ్యాస్ తీసే ప్లాంటు పెట్టారు. రైతుబజార్ల తడి చెత్తకు అలాంటి చిన్న ప్లాంటు మన పట్టణాలకూ సరిపోతుంది, యార్డు దాకా ట్రిప్పులూ తగ్గుతాయి.

డీజిల్ ఇండెంటు విషయమూ ఉంది. రోజుకు బండికి ఇన్ని లీటర్లని ఒకే కోటా ఇస్తే మిగిల్చినవాడికి ఒరిగేదేమీ లేదు. కిలోమీటర్లు, ఇంజిన్ గంటలు, తూకం మూడూ ఒకే కాగితంపై పెట్టి టన్నుకు ఎన్ని లీటర్లో చూస్తే ఏ బండి తేడాగా ఉందో వారంలో బయటపడుతుంది.

ఎలక్ట్రిక్ బండ్లు కొనేవారు టెండర్‌లోనే రాయాల్సినవి: మే నెల 43 డిగ్రీల ఎండలో, నిండు లోడుతో ఎంత దూరం పోతుందో చూపించే ట్రయల్, నీడ ఉన్న చార్జింగ్ షెడ్డు, ఎండన తిరిగొచ్చిన బ్యాటరీని చల్లబడ్డాకే ప్లగ్గు పెట్టే నియమం. సాయంత్రం ప్రెషర్ పైపుతో కడిగేటప్పుడు కనెక్టర్లపై నీళ్లు కొట్టకుండా కవర్లు కూడా.